క్యూబా మూలాల ఒపేరా గాయని లిసెట్ ఒరొపేసా: తరచుగా అడిగే ప్రశ్నలు

మన తెలుగువాళ్ళలో ఒపేరా, అంటే కథంతా పాటల్లోనే నడిచే పాశ్చాత్య సంగీత నాటకం, వినేవాళ్ళు తక్కువే. కానీ లిసెట్ ఒరొపేసా పాట ఒక్కటి విన్నాక అందరూ ఇంచుమించు ఇవే డౌట్లు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్‌లు పెట్టే బదులు అన్నీ ఒకచోట రాసేస్తే మేలనిపించింది. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. ఆమె గొంతంటే నాకు చాలా ఇష్టం, అది జవాబుల్లో కనిపిస్తూనే ఉంటుంది.

## పుట్టిల్లు, చదువు

ఈమె క్యూబా ఆవిడా, అమెరికా ఆవిడా? ఒక్కోచోట ఒక్కోలా రాస్తున్నారేంటి?

పుట్టింది అమెరికాలోనే. లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లీన్స్‌లో, 1983 సెప్టెంబర్ 29న. పెరిగింది అదే రాష్ట్రంలో బాటన్ రూజ్‌లో. అమ్మానాన్నలు క్యూబా నుంచి వచ్చినవాళ్ళు. అందుకే క్యూబన్ అమెరికన్ గాయని అంటే సరిగ్గా సరిపోతుంది. అయితే "క్యూబా గాయని" అని రాసినవాళ్ళని పూర్తిగా తప్పుపట్టలేం, ఎందుకంటే ఆమెకి ఇంటి నుంచి వచ్చిన స్పానిష్ ఉంది, మాడ్రిడ్‌లో పత్రికలవాళ్ళు ఏం అడిగినా స్పానిష్‌లోనే గలగలా చెప్పేస్తుంది, కచేరీల్లో క్యూబా పాటలు ఇష్టంగా పాడుతుంది. మనవాళ్ళ పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు మాట్లాడుతూ పెరుగుతారు కదా, ఆ ఇళ్ళలో పెద్దలకి ఈ సంగతి వేరే వివరించి చెప్పక్కర్లేదు.

ఇంట్లో ఎవరైనా పాడేవాళ్ళా? లేక ఈమే మొదలా?

వాళ్ళ అమ్మ సోప్రానో (పైస్థాయి గొంతున్న గాయని), సంగీతం టీచర్. కాబట్టి ఒపేరా ఈమెకి బయటినుంచి పరిచయమైన వింత కాదు, ఇంట్లో వింటూ పెరిగిన పాట. అమ్మకి పాట తెలియడం వల్ల ఇంకో మేలు కూడా ఉంటుంది: పిల్ల గొంతులో ఏదైనా ఉందా లేదా అన్నది ఊరికే ముద్దుకి కాకుండా, తెలిసి చెప్పే మనిషి ఇంట్లోనే ఉంటుంది.

మొదట ఫ్లూట్ వాయించేదట కదా, మరి పాటలోకి ఎలా వచ్చింది?

అవును. చిన్నప్పటి నుంచి ఏళ్ళ తరబడి ఫ్లూట్ నేర్చుకుంది. ఆర్కెస్ట్రాలో ఫ్లూట్ వాయించడమే వృత్తి అవుతుందనుకున్న అమ్మాయి. బాటన్ రూజ్‌లోని లూసియానా స్టేట్ యూనివర్సిటీలో చేరే వేళకి పాట వైపు మళ్ళింది. అక్కడ రాబర్ట్ గ్రేసన్ అనే టెనర్ (మగవాళ్ళలో పైస్థాయి గొంతు గాయకుడు) దగ్గర గాత్రం నేర్చుకుంది, డిగ్రీ కూడా గాత్రంలోనే. అంటే న్యూయార్క్‌లోని పేరుమోసిన సంగీత కళాశాలల నుంచి వచ్చిన మనిషి కాదు, సొంత ఊళ్ళోని ప్రభుత్వ యూనివర్సిటీలో చదువుకుని వచ్చింది. నాకు ఈ సంగతి చాలా ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే పెద్ద పేరున్న కాలేజీలో సీటు రాకపోతే ఇక అంతే అని టెన్షన్ పడే పిల్లలు, తల్లిదండ్రులు నాకు చాలామంది కనిపిస్తుంటారు.

ఫ్లూట్ నేర్చుకోవడం వల్ల గొంతుకి నిజంగా లాభం ఉందా?

ఊపిరి విషయంలో చాలా ఉంది. ఫ్లూట్‌లో మనం ఊదే గాలిలో చాలా భాగం బయటికే పోతుంది, కాబట్టి గాలిని పొదుపుగా, సమంగా వదలడం రాకపోతే పొడుగాటి వాక్యం మధ్యలోనే తెగిపోతుంది. ఒపేరా గాయనికి కావలసిందీ అదే. ఇంకోటి, వాద్యం వాయించినవాళ్ళకి కాగితం మీద స్వరాలు చదవడం, తాళం పట్టుకోవడం, పక్క వాద్యం ఏం చేస్తోందో వినడం ముందే అలవాటై ఉంటాయి. లిసెట్ పాడుతున్నప్పుడు గమనించండి, వేగంగా దొర్లే స్వరాల వరసలో ఒక్క స్వరం కూడా నలగదు, ప్రతిదీ విడిగా, స్పష్టంగా పడుతుంది. అది వాద్యకారుల క్రమశిక్షణ అని నా నమ్మకం.

సోప్రానో అంటే తెలుసు. ఈ లిరిక్ కలరటూరా అంటే ఏంటి?

ఆడవాళ్ళ గొంతుల్లో పైస్థాయిది సోప్రానో. అందులో మళ్ళీ రకాలున్నాయి. బరువైన గొంతులు జర్మన్ సంగీతకర్త వాగ్నర్ ఒపేరాల్లో వందమంది ఆర్కెస్ట్రా మీదుగా వినబడగలవు. తేలికగా, మెత్తగా, గుండ్రంగా ఉండేవి లిరిక్ గొంతులు. వేగంగా స్వరాలు దొర్లించడం, ట్రిల్ వేయడం, అంటే పక్కపక్క స్వరాల మధ్య గొంతుని చకచకా ఆడించడం, తారస్థాయి దాటి ఇంకా పైకి వెళ్ళి అక్కడ నిలబడడం, వీటన్నిటినీ కలిపి కలరటూరా అంటారు. ఈ రెండూ ఉన్న గొంతు లిసెట్‌ది. ఆమె గొంతులో సన్నటి, వేగమైన ఒక కంపనం ఉంటుంది. కొంతమందికి మొదటిసారి అది కొత్తగా అనిపిస్తుంది, నాకైతే దానివల్లే వంద గొంతుల్లోనైనా ఆమెని వెంటనే గుర్తుపట్టొచ్చు.

## న్యూయార్క్‌లో తొలి ఏళ్ళు

మెట్రొపాలిటన్ ఒపేరా పోటీ గెలిస్తే ఇక నేరుగా హీరోయిన్ వేషమేనా?

కానే కాదు. 2005లో మెట్ (న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ ఒపేరాని అందరూ ఇలాగే అంటారు) నేషనల్ కౌన్సిల్ ఆడిషన్స్‌లో గెలిచినవాళ్ళలో ఆమె ఒకరు, అప్పటికి ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. జిల్లా, ప్రాంతం, జాతీయం అని అంచెలంచెలుగా సాగే పోటీ ఇది. ఇప్పుడు దీన్ని లాఫాంట్ కాంపిటిషన్ అంటున్నారు. గెలిచాక ఆమెకి దొరికింది హీరోయిన్ వేషం కాదు, శిక్షణ. మెట్‌లోనే ఉండే లిండెమన్ యువ కళాకారుల కార్యక్రమంలో చేరింది. భాషలు, ఉచ్చారణ, నటన, పాత్రల సాధన అన్నీ అక్కడ నేర్పుతారు, పక్క హాల్లో ప్రపంచంలోని పెద్ద గాయకులు రిహార్సల్ చేస్తుంటారు. 2006లో మోజార్ట్ ఒపేరా ఇడొమెనెయోలో క్రీట్ ద్వీపపు స్త్రీగా చిన్న వేషంతో మెట్ వేదిక ఎక్కింది. 2008లో శిక్షణ పూర్తిచేసింది.

మరి మొదటి పెద్ద పాత్ర ఏది?

2007లో, అంటే ఇంకా శిక్షణలో ఉండగానే, మోజార్ట్ ఒపేరా ఫిగరో పెళ్ళిలో సుజాన్నా. పేరుకి పనిమనిషి పాత్ర, కానీ గాయనికి ఇది చాలా పెద్ద పరీక్ష. సుజాన్నా దాదాపు ప్రతి సన్నివేశంలోనూ ఉంటుంది, ఇద్దరు, ముగ్గురు, ఆరుగురు కలిసి పాడే ప్రతి పాటలోనూ ఆమెకి భాగం ఉంటుంది, మూడు గంటలకు పైగా పరుగులు పెట్టాక చివరి అంకంలో తోటలో నిలబడి అతి నెమ్మదైన, సున్నితమైన పాట పాడాలి. అప్పటికి అలసిపోయిన గొంతులో ఆ మెత్తదనం మిగలాలంటే మొదటినుంచీ దాచుకుంటూ రావాలి. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆ లెక్క తెలియడం మామూలు విషయం కాదు.

వాగ్నర్ ఒపేరాలో తాళ్ళకి వేలాడుతూ పాడింది నిజమేనా, గ్రాఫిక్సా?

నూటికి నూరుపాళ్ళు నిజం. 2010 సెప్టెంబర్‌లో మెట్ సీజన్ మొదలైంది వాగ్నర్ రాసిన రైన్ నది బంగారం కథతో, దర్శకుడు రోబేర్ లెపాజ్. వేదిక మీద ఇరవై నాలుగు పెద్ద పలకలున్న ఒక భారీ యంత్రం పెట్టారు, అవి తిరుగుతూ నది అయ్యేవి, కొండ అయ్యేవి, మెట్లయ్యేవి. నది అడుగున ఈదే ముగ్గురు జలకన్యల్ని కేబుళ్ళకి కట్టి పైకి లేపారు. అందులో వోగ్లిండె లిసెట్.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఈ ఒపేరా మొదట్లో ఆర్కెస్ట్రా 136 బార్ల (మన తాళావర్తనాల్లాంటివి) పాటు ఒకే ఒక్క శ్రుతి మీద, నీళ్ళు మెల్లగా పైకి ఉబుకుతున్నట్టు వాయిస్తుంది. ఆ నాలుగు నిమిషాలూ ఎవరూ పాడరు. తర్వాత మొదట వినిపించే మనిషి గొంతు వోగ్లిండెదే. అంటే నాలుగు రాత్రులు, సుమారు పదిహేను గంటలు సాగే మొత్తం వాగ్నర్ గాథకి తొలి పలుకు ఆమెది. గాల్లో వేలాడుతూ, నడుముకి పట్టీ బిగించి ఉండగా, పొట్ట నిండా ఊపిరి తీసుకుని, మొదటి స్వరమే తేలికగా, అలలాగా పట్టాలి. శ్రుతి అటూ ఇటూ అయితే కప్పిపుచ్చడానికి ముందూ వెనకా ఏమీ లేదు. చిన్న వేషమే కదా అని దీన్ని తీసిపారేసేవాళ్ళతో నేను ఎప్పుడూ ఒప్పుకోను. అదే గాథలో అడవి పక్షి గొంతు కూడా ఆమె పాడింది.

అంత గొంతు ఉండి పదేళ్ళు చిన్న పాత్రలే ఎందుకు వేసింది? ఎవరైనా తొక్కేశారా?

తొక్కేయడం ఏమీ లేదు. గొంతు పక్వానికి రావడానికి టైమ్ పడుతుంది, అంతే. ఆ ఏళ్ళలో మెట్‌లో రిగొలెట్టోలో జిల్డా, ఫాల్‌స్టాఫ్‌లో నన్నెట్టా, వెర్తర్‌లో సోఫీ, తర్వాత పిల్లల ఒపేరాగా పేరున్న హాన్సెల్ గ్రెటెల్ కథలో గ్రెటెల్, ఇలా పాడుకుంటూ వచ్చింది. అవన్నీ ఆమె వయసుకి, గొంతు బరువుకి సరిపోయిన పాత్రలు. చిన్న వయసులోనే బరువు పాత్రలు నెత్తిన వేసుకుని, ముప్పై అయిదు వచ్చేసరికి గొంతు వణుకు పట్టి వెనక్కి తగ్గినవాళ్ళు ఒపేరా చరిత్రలో కోకొల్లలు. లిసెట్ జీవితంలో నేను అందరికీ చెప్పాలనుకునేది ఇదే: ఆమె తొందరపడలేదు. మెట్‌లో ఆ చిన్న, మధ్యరకం పాత్రలే ఆమెకి నిజమైన కళాశాల అయ్యాయి.

పరుగు, మారథాన్, వీగన్ తిండి అంటారు. పాటకి వీటికి సంబంధం ఏంటి?

మెట్‌లో చేరిన తొలి ఏళ్ళలో ఆమె బరువు తగ్గాలని పరుగు మొదలుపెట్టింది, తర్వాత అది జీవితంలో భాగమైపోయింది. చాలా మారథాన్లు పరిగెత్తింది, తిండి పూర్తిగా శాకాహారం, పాలూ పెరుగూ కూడా లేకుండా. ఈ విషయాలన్నీ ఇంటర్వ్యూల్లో తనే దాచకుండా చెప్పింది. ఒపేరా రంగంలో శరీరం గురించి వచ్చే మాటలు చాలా క్రూరంగా ఉంటాయి, ముఖ్యంగా ఆడవాళ్ళ మీద. కాబట్టి బరువు తగ్గితేనే గొంతు బాగుంటుంది అన్న అర్థం దీన్నుంచి తీయకండి, లావుగా ఉండి అద్భుతంగా పాడినవాళ్ళు ఎందరో. ఆమెకి పరుగు వల్ల కలిగిన లాభం ఊపిరి, ఓపిక. మూడు గంటలు వేదిక మీద పరిగెత్తి, మోకాళ్ళ మీద కూలబడి, పడుకుని కూడా పాడాల్సిన పాత్రలకి ఆ ఓపిక కావాలి.

## పేరు మోగిన రోజులు

పారిస్‌లో ఒక్క రాత్రిలో స్టార్ అయిపోయిందంటారు, నిజమేనా?

2018 సెప్టెంబర్‌లో పారిస్ ఒపేరా మయ్యర్‌బేర్ రాసిన లె యుగెనో ఒపేరాని మళ్ళీ వేదిక మీదికి తెచ్చింది. 1836లో పారిస్‌లోనే పుట్టిన ఈ ఒపేరాని ఆ సంస్థ 1936 తర్వాత మళ్ళీ ముట్టుకోలేదు, అంత కష్టమైనది, అంత ఖరీదైనది. రాణి మార్గరెట్ పాత్రకి ముందు అనుకున్న డయానా డమ్రౌ తప్పుకోవడంతో ఆ పాత్ర లిసెట్‌కి వచ్చింది. రెండో అంకం మొదట్లోనే రాణి పాట ఉంటుంది. టూరెన్ ప్రాంతపు అందాన్ని పొగుడుతూ నెమ్మదిగా మొదలై, చివరికి స్వరాల జలపాతంలా మారే పెద్ద పాట, గొంతు వేడెక్కడానికి ముందు పాత్రలో చిన్న ముక్క కూడా ఉండదు. తక్కువ వ్యవధిలో అది నేర్చుకుని బాస్టీల్ హాల్లో పాడి అందరి చేత శభాష్ అనిపించుకుంది. పేపర్లు రాసినట్టు ఇది ఒక్క రాత్రి పేరే అనుకుందాం, కానీ ఆ రాత్రికి వెనక పన్నెండేళ్ళ వేదిక అనుభవం ఉంది.

2019లో ఏవో రెండు అవార్డులు ఒకేసారి వచ్చాయట, అంత గొప్పవా అవి?

రిచర్డ్ టక్కర్ అవార్డు, బెవర్లీ సిల్స్ అవార్డు, రెండూ 2019లోనే. ఒక్కోదానికి 50,000 డాలర్లు. మొదటిది అంతర్జాతీయ స్థాయికి చేరే అంచున ఉన్న అమెరికన్ గాయకులకి ఇస్తారు. రెండోది మెట్‌లో ఇప్పటికే చెప్పుకోదగ్గ పాత్రలు వేసిన యువ కళాకారులకి. డబ్బు సంగతి పక్కన పెడితే, ఆ ఏడాది ఆమె పని చూడండి: జూన్‌లో మిలాన్ లా స్కాలాలో వెర్డీ ఒపేరా ఇ మస్నదియేరితో తొలి ప్రవేశం, సెప్టెంబర్, అక్టోబర్‌లలో మెట్‌లో మస్నే ఒపేరా మనోన్‌లో టైటిల్ పాత్ర. అక్టోబర్ 26న ఆ మనోన్ ప్రపంచమంతటా సినిమా హాళ్ళలో లైవ్‌గా వచ్చింది. పదిహేనేళ్ళ పల్లెటూరి పిల్లగా మొదలై, పారిస్ మొత్తాన్ని వేలికి చుట్టుకుని, చివరికి రోడ్డు మీద ప్రాణం వదిలే మనిషి దాకా ఒకే సాయంత్రంలో నడవాలి. మొదటి అంకంలో ఆమె ప్రయాణం కబుర్లు చెప్పే చోట ఆ నవ్వు, తడబాటు అన్నీ పాటలోంచే వచ్చాయి.

మాడ్రిడ్‌లో జనం ఒకే పాటని రెండోసారి పాడించారట కదా?

మన పద్యనాటకాల్లో మంచి రాగం తీస్తే జనం "వన్స్ మోర్" అని అరవడం, నటుడు మళ్ళీ ఆ పద్యం ఎత్తుకోవడం తెలుసు కదా, అచ్చం అదే. ఒపేరాలో ఒకప్పుడు ఇది మామూలే కానీ ఇప్పుడు చాలా అరుదు, కథ ఆగిపోతుందని చాలా హాళ్ళు ఒప్పుకోవు.

2020 జులైలో, ప్రపంచంలో హాళ్ళన్నీ మూతపడి ఉన్న రోజుల్లో, మాడ్రిడ్‌లోని ఒపేరా హాలు తెయాత్రో రెయాల్ ధైర్యం చేసి తలుపులు తీసింది. వెర్డీ ఒపేరా లా ట్రావియాటా, ఇరవై ఏడు ప్రదర్శనలు, వేర్వేరు గాయనులు. వేదిక మీద ఎర్రగీతలతో గళ్ళు గీశారు, గాయకులు ఒకరినొకరు తాకకూడదు. ప్రేమికులు కూడా. కథేమో క్షయతో ఊపిరందక చనిపోయే వయొలెట్టాది. చూసేవాళ్ళందరి మొహాలకీ మాస్కులు. మూడో అంకంలో వయొలెట్టా ఉత్తరం చదువుకుని, ఇక ఆలస్యమైపోయిందని, గడిచిపోయిన అందమైన కలలకి వీడ్కోలు చెప్పే పాట ఉంది, "అద్దియో దెల్ పస్సాతో". చివరి స్వరం పైస్థాయిలో, దారం పోగంత సన్నగా తేలి ఆగిపోవాలి. లిసెట్ అది పాడాక చప్పట్లు ఆగలేదు, పాట మళ్ళీ పాడాల్సి వచ్చింది. ఆ హాల్లో ఒక గాయని ఇలా ఒంటరి పాటని రెండోసారి పాడడం అదే మొదటిసారని స్పెయిన్ పత్రికలు రాశాయి. అంతకు కొద్ది నెలల ముందు, మార్చిలో మెట్ మూతపడే దాకా ఆమె న్యూయార్క్‌లో పాడుతున్నదీ ఈ వయొలెట్టానే.



      

## పాత్రలు, గొంతు, పద్ధతి

మైక్ లేకుండా అంత పెద్ద హాల్లో ఎలా వినిపిస్తుంది?

మెట్ హాల్లో సుమారు 3,800 సీట్లు. మైకు ఉండదు. కిటుకు ఎక్కువ గట్టిగా అరవడంలో లేదు. ఆర్కెస్ట్రా శబ్దంలో బలం ఎక్కువగా కింది శ్రుతుల్లో ఉంటుంది, మన చెవి మాత్రం సెకనుకు 2,000 నుంచి 4,000 కంపనాల మధ్య శబ్దాలని అన్నిటికన్నా చురుగ్గా పట్టుకుంటుంది. శిక్షణ పొందిన గొంతు తన మెరుపుని అక్కడ చేరుస్తుంది. సోప్రానోలైతే పైస్వరాల దగ్గర నోటి ఆకారాన్ని, అచ్చుల్ని కొద్దికొద్దిగా మార్చుకుంటూ గొంతు గూడు ఆ స్వరానికి ప్రతిధ్వనించేలా చూసుకుంటారు. అందుకే చాలా పైస్థాయిలో మాటలు స్పష్టంగా వినబడవు, అది ఉచ్చారణ లోపం కాదు. లిసెట్ గొంతు పరిమాణంలో పెద్దది కాదు, కానీ సూటిగా వెళ్తుంది, ఆఖరి బాల్కనీలో కూర్చున్నా ఆమె మెల్లగా పాడిన స్వరం చేరుతుంది.

లూచియా పిచ్చిదయ్యే సీన్ గురించి అందరూ చెప్తారు, ఏముంది అందులో?

దోనిజెట్టి 1835లో నేపుల్స్ కోసం రాసిన ఒపేరా లూచియా ది లమ్మెర్మూర్. అన్న బలవంతంగా పెళ్ళి చేస్తే, మొదటి రాత్రే పెళ్ళికొడుకుని పొడిచి, రక్తం అంటిన బట్టలతో పెళ్ళివారి ముందుకొస్తుంది. ఆమె మనసులో మాత్రం తను ప్రేమించినవాడితో పెళ్ళి జరుగుతోంది. పదిహేను నిమిషాలకు పైగా ఒక్కతే పాడాలి.

దోనిజెట్టి మొదట ఈ సీన్‌కి గ్లాస్ హార్మోనికా అనుకున్నాడు. తడివేళ్ళతో గాజు అంచుల్ని రుద్దితే వచ్చే చల్లటి, గాల్లో తేలే శబ్దం అది. చివరికి ఆ భాగం ఫ్లూట్‌కి ఇచ్చాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళకి, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, గాయని గొంతూ ఫ్లూటూ ఒకదాన్నొకటి అనుకరిస్తూ పోటీపడే పొడుగాటి భాగం ఒకటి చేర్చారు, ఇప్పుడు చాలామంది అదే పాడతారు. ఆర్కెస్ట్రా మొత్తం ఆగిపోతుంది. ఫ్లూట్ ఒక ముక్క వాయిస్తుంది, గాయని దాన్నే తిరిగి పాడాలి, తర్వాత ఇద్దరూ కలిసి ఒకే ఊపిరి మీద పైకి ఎక్కాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పక్కనే ఫ్లూట్ ఉంది కాబట్టి వెంటనే దొరికిపోతారు. ఏళ్ళ తరబడి తనే ఫ్లూట్ వాయించిన మనిషి అక్కడ నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి! ఫ్లూట్ కళాకారులు ఊపిరి ఎక్కడ తీసుకుంటారో ఆమెకి ముందే తెలుసు.

2017లో లండన్ రాయల్ ఒపేరాలో, 2018లో మాడ్రిడ్‌లో ఈ పాత్ర పాడింది. 2023లో లా స్కాలాలో రికార్దో చైలీ ఆర్కెస్ట్రా నిర్వహణలో పాడినప్పుడు ఫ్లూట్ బదులు దోనిజెట్టి మొదట కోరుకున్న గాజు నాదమే పెట్టారు. రెండూ విని చూడండి. ఫ్లూట్‌తో అది ఆట, గాజుతో భయం.

ఈ మధ్య ఏం పాడుతోంది? గొంతు మారిందా?

మారింది, మంచివైపే. కింది స్వరాలకి కండ పట్టింది. 2021 సెప్టెంబర్‌లో లండన్ రాయల్ ఒపేరా కొత్త రిగొలెట్టోలో జిల్డా, 2022లో అక్కడే హాండెల్ ఒపేరాలో మంత్రగత్తె అల్చీనా, 2023లో పారిస్‌లో హామ్లెట్ ఒపేరాలో ఒఫీలియా. 2024 చివర్లో మాడ్రిడ్‌లో, 2025 వేసవిలో సాల్జ్‌బర్గ్‌లో మరియా స్టువార్దా, అంటే తల నరికించుకోబోయే స్కాట్లాండ్ రాణి. బెల్లినీ ఒపేరా ఇ పురితానీ 2025 మొదట్లో పారిస్‌లో పాడింది. మెట్ కూడా 2025 డిసెంబర్ 31 రాత్రికి అదే ఒపేరా కొత్త నిర్మాణాన్ని ఆమెతోనే పెట్టుకుంది. గాలిలో తేలే అమ్మాయి పాత్రల నుంచి సింహాసనం మీద కూర్చునే స్త్రీల వైపు నెమ్మదిగా వెళ్తోంది.

టోస్కా, బటర్‌ఫ్లై లాంటివి ఎప్పుడు పాడుతుంది?

పాడకపోతేనే సంతోషం. అవి ఇంకో రకం గొంతు పాత్రలు, మధ్యస్థాయిలో బరువైన ఆర్కెస్ట్రాని గంటల తరబడి తోసుకుంటూ వెళ్ళాలి. తేలికైన గొంతుతో అది చేస్తే పైస్వరాల మెరుపు పోతుంది. ఆ మెరుపు కోసమే కదా మనం ఈమెని వింటున్నది.

క్యూబా సంగీతం ఏమైనా పాడిందా?

పాడింది, తప్పకుండా వినండి. స్పెయిన్ నుంచి వచ్చిన సార్సువేలా అనే సంగీత నాటకం క్యూబాలో వేరే రూపం తీసుకుంది, ఆఫ్రికన్ లయలు, హవానా వీధుల మాటలు, బానిసత్వపు రోజుల కథలు అందులోకి వచ్చాయి. ఎర్నెస్తో లెకువోనా రాసిన మరియా లా ఓ 1930లో, గొన్సాలో రోయిగ్ రాసిన సెసీలియా వల్దేస్ 1932లో హవానాలో మొదటిసారి ప్రదర్శించారు. రెండింట్లోనూ నాయిక నల్లజాతి, తెల్లజాతి రక్తం కలిసిన యువతి, తెల్లవాడైన ధనవంతుడు ప్రేమించి వదిలేస్తాడు. స్పెయిన్ పాటలతో పాటు ఈ క్యూబా పాటలు కూడా లిసెట్ కచేరీల్లో ఉంటాయి. సెసీలియా మొదటిసారి వేదిక మీదికొచ్చే పాటలో ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుని గొంతుని కాస్త వదులు చేస్తుంది, లయని సాగదీసి మళ్ళీ అందుకుంటుంది. ఇటాలియన్ ఒపేరాలో కనబడని లిసెట్ ఇక్కడ కనబడుతుంది.

## వినాలనుకునేవాళ్ళకి

అసలు ఒపేరానే ఎప్పుడూ వినలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మూడు గంటల ఒపేరాతో మొదలుపెట్టకండి. లా ట్రావియాటా మూడో అంకం ఒక్కటి, అరగంటే, కథ ముందే చదువుకుని వినండి. నచ్చితే మొదటి అంకం చివరి పది నిమిషాలు. ఆ తర్వాత మొత్తం. లూచియా పిచ్చి సీన్ రెండో మెట్టుగా పెట్టుకోండి, మొదటే వింటే పైస్వరాలు తప్ప ఇంకేమీ గుర్తుండవు.

ఏ ఆల్బమ్‌లు కొనొచ్చు?

మోజార్ట్ కచేరీ పాటల ఆల్బమ్ ఓంబ్రా కొంపాన్యా 2021లో వచ్చింది, పాత వాద్యాల బృందం ఇల్ పొమో దోరోతో. నా ఓటు దీనికే. 2022లో ఫ్రెంచ్ బెల్ కాంటో (సాఫీగా, అందంగా సాగే పాత గానశైలి) పాటలు, డ్రెస్డెన్ ఫిల్హార్మనిక్‌తో, రోసినీ, దోనిజెట్టి పారిస్ కోసం ఫ్రెంచ్‌లో రాసినవి. పూర్తి లా ట్రావియాటా రికార్డింగ్ కూడా 2022లోనే వచ్చింది, డానియెల్ ఓరెన్ నిర్వహణలో.

ఇటాలియన్ రాదు, ఫ్రెంచ్ రాదు. ఏం అర్థమవుతుంది?

చాలామందికి రాదు. మెట్‌లో 1995 నుంచి ముందు సీటు వెనక చిన్న తెర మీద మాటల అర్థం వస్తుంది. వీడియోల్లో సబ్‌టైటిల్స్ ఉంటాయి. కథ పది వాక్యాల్లో ముందే చదివి వెళ్ళండి, ఒపేరాలో సస్పెన్స్ కోసం ఎవరూ రారు.

ఇండియాలో ఉంటే చూసే దారి ఉందా?

ముంబైలో ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రం మెట్ ప్రదర్శనల్ని తెర మీద వేస్తుంటుంది. లేదంటే మెట్ సొంత స్ట్రీమింగ్ యాప్‌లో చందా కట్టి చూడొచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇంకా తేలిక, సీజన్‌లో కొన్ని శనివారాల మధ్యాహ్నాలు మీ ఊరి సినిమా హాల్లోనే లైవ్ వేస్తారు. మంచి స్పీకర్లున్న హాలైతే మేలు, ఫోన్‌లో ఆమె మెల్లటి స్వరాలు సగం పోతాయి.

మా అమ్మాయి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, పదిహేనేళ్ళు. లిసెట్‌లా ఒపేరా నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు, వయసు మించిపోలేదు. లిసెట్ కూడా యూనివర్సిటీకి వచ్చాకే పాటని చదువుగా తీసుకుంది. శ్రుతి జ్ఞానం, తాళం మీ అమ్మాయికి ఇప్పటికే ఉంటాయి, కానీ గొంతు వాడే పద్ధతి వేరు, ఊపిరి, నోటి ఆకారం, తలలో ప్రతిధ్వని అన్నీ మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. స్టాఫ్ నొటేషన్ (గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి) చదవడం ఇప్పుడే మొదలుపెట్టించండి, పియానో కొంచెం వస్తే ఇంకా మంచిది. ఇటాలియన్ ఉచ్చారణ కూడా. యూట్యూబ్ చూసి సొంతంగా లూచియా పైస్వరాలు ప్రయత్నించనివ్వకండి, ఈ వయసులో గొంతు ఇంకా మారుతూ ఉంటుంది. మంచి టీచర్ అయితే మొదటి రెండేళ్ళు మధ్యస్థాయిలోనే, చిన్నచిన్న పాత ఇటాలియన్ పాటలతోనే పాడిస్తారు. ఆలస్యం చేస్తున్నారని టీచర్‌ని మార్చేయకండి.